కొలతలో గాలి, కదలిక: న్యాల్‌కల్ పరిసరాల్లో భూపరిశీలన దోషాల చరిత్ర (1815–2025)

వ్యాససంగ్రహం:
దూరం నుంచి భూమిని కొలిచే ప్రతి పద్ధతికీ రెండు అడ్డంకులు ఎదురవుతాయి. సాధనమో, కొలతకు లోనయ్యే వస్తువో కదలడం మొదటిది. ఆ రెండింటి నడుమ ఉన్న వాతావరణం కిరణాన్ని వంచడం, ఆలస్యం చేయడం రెండవది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని న్యాల్‌కల్ చుట్టుపక్కల నేల ఈ రెండు దోషాల చరిత్రను దగ్గరగా చూడడానికి అనువైనది. 1815లో విలియం లాంబ్టన్ బృందం బీదరు సమీపాన ఆధారరేఖను కొలిచిన నాటి నుంచి 2025లో నైసార్ ఉపగ్రహ ప్రయోగం దాకా ఈ దోషాలను గుర్తించిన తీరును, వాటిని సవరించిన పద్ధతులను, ఆ సవరణల భారం ఎవరిపై పడిందన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సార్ చిత్రాలు, చలన దోషం, వాతావరణ ఆలస్యం, అయనావరణం, మహా త్రికోణమితి సర్వే, నల్లరేగడి, న్యాల్‌కల్

1. ఉపోద్ఘాతం

న్యాల్‌కల్ మండలం తెలంగాణకు పడమటి అంచున, కర్ణాటకలోని బీదరుకు పొరుగున ఉన్నది. మంజీరా పరీవాహకానికి చెందిన ఈ నేలలో నల్లరేగడి ఎక్కువ. బీదరు పీఠభూమి వైపుకు వెళ్ళేకొద్దీ ఎర్రని లాటరైటు నేలలు కనిపిస్తాయి. వానాకాలంలో కంది, పెసర, మినుము, యాసంగిలో జొన్న, శనగ, కుసుమ ఇక్కడి ప్రధాన పంటలు. యాసంగి పంటకు చాలా చేలల్లో నీటి పారుదల ఉండదు. రేగడి దాచుకున్న తేమ, చలికాలపు మంచు కలిసి పంటను గట్టెక్కిస్తాయి.

ఇటువంటి నేలను ఆకాశం నుంచి చూడడానికి మామూలు కెమెరా సగం ఏడాదే పనికివస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే పైరు మొలిచి ఎదిగే రోజుల్లోనే, మేఘం కమ్ముకొని ఉంటుంది. మేఘాన్ని దాటి, రాత్రిపూట సైతం చూడగల సాధనంగా రాడార్ చిత్రణకు ప్రాధాన్యం పెరిగింది ఇందువల్లనే. వరద పటాలు, వరి విస్తీర్ణపు అంచనాలు, నేల తేమ లెక్కలు, భూమి కుంగుబాటు కొలతలు నేడు దీనిపై ఆధారపడుతున్నాయి. పంటల బీమా పథకంలో 2023లో మొదలైన ‘యస్‌-టెక్’ విధానం వరి, గోధుమలతో ఆరంభించి, ఉపగ్రహ సమాచారంతో వేసిన దిగుబడి అంచనాకు కనీసం 30 శాతం తూకం ఇచ్చింది. అంటే చిత్రంలోని దోషం రైతు చేతికందే పరిహారపు లెక్కలోకి కూడా రాగలదు. కాబట్టి ఆ దోషాల స్వభావాన్ని, చరిత్రను తెలుసుకోవలసిన అవసరం సాంకేతిక నిపుణులకు మాత్రమే పరిమితమైనది కాదు.

పరిభాష గురించి ఒక మాట. ఇంగ్లీషులో ‘సింథటిక్ అపెర్చర్ రాడార్’ అని పిలిచే దీనిని తెలుగులో ‘కృత్రిమ ద్వారక రాడార్’ అనవచ్చు. అయితే తెలుగులో ‘కృత్రిమం’ అన్న మాటకు నకిలీ అన్న ఛాయ ఉన్నది. ఇక్కడి ద్వారం నకిలీది కాదు. ముక్కలు ముక్కలుగా సేకరించి కూర్చినది. ‘కూర్చిన ద్వారం’ అంటే విషయానికి మరింత దగ్గరగా ఉంటుంది. ఈ వ్యాసంలో వాడుకలో ఉన్న ‘సార్’ అన్న పొట్టి పేరునే స్వీకరించడమైనది.

2. దామర్‌గిద్ద ఆధారరేఖ: గాలి వంచిన చూపు

రాడార్ పుట్టడానికి నూరేళ్ళకు పైగా ముందే ఈ ప్రాంతం వాతావరణ దోషానికి ఒక ప్రయోగశాల అయింది. 1802 ఏప్రిల్‌లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద లాంబ్టన్ మొదలుపెట్టిన కొలత పని దక్షిణాన కన్యాకుమారి సమీపంలోని పున్నె నుంచి ఉత్తరాన బీదరుకు ఈశాన్యంగా ఉన్న దామర్‌గిద్ద దాకా, సుమారు పది అక్షాంశాల పొడవున సాగింది. దామర్‌గిద్ద వద్ద 1815లో ఆధారరేఖను కొలిచారు. దాని అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాలు. రేఖాంశం 77 డిగ్రీల 40 నిమిషాల దరిదాపున ఉన్నది. అంటే భూమి ఆకారాన్ని నిర్ణయించడానికి గీసిన ఆ మహా మధ్యాహ్నరేఖ న్యాల్‌కల్‌కు కొద్ది కిలోమీటర్ల తేడాతో పోతుంది. లాంబ్టన్ ఫలితాలు 1818లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. అదే సంవత్సరం ఆ పనికి ‘మహా త్రికోణమితి సర్వే’ అన్న పేరు స్థిరపడింది.

ఈ సర్వేలో దోషాలు రెండు చోట్ల పుట్టేవి. మొదటిది గొలుసు. నూరడుగుల ఉక్కు గొలుసు ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. అందుకే గొలుసును పెట్టెల్లో పరచి, పైన డేరాలు కప్పి, ఉష్ణమాపకాలు చూస్తూ కొలిచేవారు. రెండవది చూపు. థియోడొలైట్ నుంచి దూరపు కొండమీది గుర్తు దాకా వచ్చే వెలుతురు సరళరేఖలో ప్రయాణించదు. నేలకు దగ్గరి గాలి సాంద్రత, పై గాలి సాంద్రత వేరు కావడంతో కిరణం వంగుతుంది. మధ్యాహ్నం రేగడి నేల కాగినప్పుడు గుర్తు అల్లలాడుతూ కనిపిస్తుంది. ఎండమావిని చూసి నీళ్ళని భ్రమపడే పాంథుడి ఉపమానం తెలుగు కావ్యాలకు కొత్త కాదు. ఆ ఎండమావికీ సర్వేయర్ కోణంలో చొరబడిన తప్పుకూ కారణం ఒక్కటే, వక్రీభవనం.

లాంబ్టన్ దీనికి ఎంచుకున్న ఉపాయం రుతువు. వాన కురిసి వెలిసిన తరువాత దుమ్ము అణగి గాలి తేటపడుతుంది, దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి వానాకాలంలోనే కోణాలు కొలిచేవారు. 1818లో సహాయకుడిగా నియమితుడై హైదరాబాదు చేరిన జార్జ్ ఎవరెస్ట్, మరుసటి ఏడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఇదే పద్ధతిలో పనిచేశాడు. యెల్లాపురం అడవుల్లో బృందం మొత్తం జ్వరాల పాలయింది. ఎవరెస్ట్ కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్ళవలసి వచ్చింది. వెంట ఉన్న ఖలాసీలు, కూలీలలో పలువురు మరణించారు. తేటగాలి కోసం వానాకాలాన్ని ఎంచుకోవడం కాగితం మీద సరైన నిర్ణయమే. దాని ఖరీదును కట్టినవారి పేర్లు మాత్రం కొలతల పట్టికల్లోకి ఎక్కలేదు.

ఎవరెస్ట్ తరువాతి కాలంలో ఆ పద్ధతిని తలకిందులు చేశాడు. వానాకాలం మానేసి, పొడి రుతువులో రాత్రిపూట దీపాలను, పగలు అద్దాల మెరుపును గుర్తులుగా పెట్టించాడు. రాత్రివేళ నేలకు దగ్గరి గాలి చల్లబడి కిరణాన్ని కిందికి వంచుతుంది. పగలు కనబడని దూరపు స్థానాలు రాత్రి పైకి లేచినట్టు కనిపిస్తాయి. కొలతకు అడ్డుపడిన వక్రీభవనమే ఇక్కడ చూపుకు సాయపడింది. దోషాన్ని నిర్మూలించడం కాక దాని లక్షణాన్ని తెలుసుకొని వాడుకోవడం అన్న ఈ ధోరణి రాడార్ చరిత్రలోనూ తిరిగి కనిపిస్తుంది. 1830లో ఎవరెస్ట్ ప్రచురించిన గ్రంథం దామర్‌గిద్ద అక్షాంశం నుంచే మొదలవుతుంది. 1841లో ఆండ్రూ వా ఆధ్వర్యంలో బీదరు ఆధారరేఖను ఉష్ణోగ్రతకు సాగని విధంగా ఇత్తడి, ఇనుము జోడించిన కమ్మీలతో మళ్ళీ కొలిచారు. ఉత్తరాన సిరోంజి నుంచి వందల మైళ్ళ మేర త్రిభుజాలతో లెక్కగట్టిన పొడవుకూ, నేలమీద కొలిచిన పొడవుకూ తేడా కొద్ది అంగుళాలే.

3. కదిలే యాంటెన్నా

సార్ మూలసూత్రం 1951లో అమెరికాలోని గుడ్‌ఇయర్ సంస్థలో పనిచేస్తున్న కార్ల్ వైలీకి స్ఫురించింది. ప్రతిధ్వనిలోని డాప్లర్ మార్పును లెక్కలోకి తీసుకుంటే చిన్న యాంటెన్నాతోనే సన్నని వివరాలను వేరుచేయవచ్చునన్నది ఆ ఊహ. ఇది ఎంత పెద్ద లాభమో శ్రీహరికోట నుంచి 2012 ఏప్రిల్ 26న ప్రయోగించిన రీశాట్‌-1 ఉదాహరణతో తెలుస్తుంది. దాని యాంటెన్నా పొడవు 6 మీటర్లు, తరంగదైర్ఘ్యం 5.6 సెంటీమీటర్లు, కక్ష్య ఎత్తు 536 కిలోమీటర్లు. ఏటవాలుగా చూసే దూరం 700 కిలోమీటర్లు అనుకుంటే, ఆ యాంటెన్నా ఒక్కచోట నిలబడి చూస్తే ఆరున్నర కిలోమీటర్ల వెడల్పున ఉన్న సమస్తమూ ఒక్క మచ్చగా కలిసిపోతుంది. న్యాల్‌కల్ లాంటి ఊరు, దాని చేలు, పక్క ఊరు అన్నీ ఆ మచ్చలోనే. కానీ ఉపగ్రహం సుమారు ఒక సెకను కాలంలో ఆరున్నర కిలోమీటర్లు కదులుతూ సేకరించిన ప్రతిధ్వనులను వాటి దశతో సహా కూర్చితే, యాంటెన్నా పొడవులో సగం, అంటే 3 మీటర్ల వివరం లభిస్తుంది. విచిత్రమేమంటే ఆ వివరం దూరంతో మారదు.

ఈ కూర్పు నిలవాలంటే ఒక షరతు ఉన్నది. ఆ సెకను కాలంలో యాంటెన్నా ఎక్కడెక్కడ ఉన్నదో తరంగదైర్ఘ్యంలో చిన్న భాగం దాకా కచ్చితంగా తెలియాలి. 5.6 సెంటీమీటర్ల తరంగం విషయంలో యాంటెన్నా చూపు దిశలో 1.4 సెంటీమీటర్లు పక్కకు జరిగిందనుకుందాం. రానుపోను దూరం 2.8 సెంటీమీటర్లు మారుతుంది, అంటే అర తరంగం. కలిసి బలపడవలసిన ప్రతిధ్వనులు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి.

శూన్యంలో సాగే ఉపగ్రహానికి ఈ ఇబ్బంది తక్కువ. విమానానికి మాత్రం ఇది నిత్యకృత్యం. గాలిలోని కుదుపు రెక్కను సెంటీమీటర్లలో కాదు, మీటర్లలో కదిలిస్తుంది. 1974లో హైదరాబాదులో జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడి, 1979లో షాద్‌నగర్ వద్ద భూకేంద్రం పనిచేయడం మొదలైన తరువాత దేశంలో ఉపగ్రహ చిత్రాల వాడకం పెరిగింది. రాడార్‌ను మాత్రం చాలాకాలం విమానాల మీదనే పరీక్షించారు. అహమదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం తయారుచేసిన విమాన రాడార్‌లు వరదల సమయంలో వాడడానికి ఉద్దేశించినవి. విపత్తు వేళ గాలి నిశ్చలంగా ఉండదు. అవసరమెక్కువైన రోజునే కదలిక దోషం కూడా ఎక్కువ.

కదలిక ఏ రకమైనదో బట్టి చిత్రంలో దోషం రూపం మారుతుంది. ఒకే వేగంతో పక్కకు జారితే చిత్రం మసకబారదు, కానీ దాని స్థానం జరుగుతుంది. వేగం మారుతూ జారితే బిందువు గీతగా సాగి మసకబారుతుంది. ఇంజను కంపనం వంటి క్రమబద్ధమైన కదలిక వల్ల ఒక ప్రకాశవంతమైన వస్తువుకు రెండు పక్కలా నీడబింబాలు పుడతాయి. కట్టమీది గుడి గోపురం ఒకటే అయినా చిత్రంలో అటొకటి ఇటొకటి మసక గోపురాలు తోచవచ్చు. వీటిలో మొదటిది అన్నింటికంటే ప్రమాదకరమైనదని చెప్పాలి. మసకను కన్ను పట్టుకుంటుంది. స్పష్టంగా ఉండి చోటు తప్పిన బొమ్మను పట్టుకోలేదు.

సవరణ మార్గాలు రెండు. విమానంలోనే జడత్వ సాధనాలు, జీపీయస్ పెట్టి కదలికను నమోదుచేసి లెక్కలో తీసివేయడం ఒకటి. రెండవది చిత్రాన్నే సాక్ష్యంగా తీసుకోవడం. 1980ల చివర అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో రూపొందిన ఆటోఫోకస్ పద్ధతి, చిత్రంలోని ప్రకాశబిందువులు ఎలా సాగాయో చూసి, ఆ సాగుదలకు కారణమైన దశాదోషాన్ని వెనక్కి లెక్కగడుతుంది. ఊర్లు, కట్టడాలు, రాతి గుట్టలు ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది. ఎటు చూసినా చేలే ఉన్నచోట పట్టుకోవడానికి బలమైన బిందువులు దొరకవు.

4. రహదారి వదిలిన లారీ

యాంటెన్నా కదలికను పూర్తిగా సవరించినా, చూపుకు లోనయిన వస్తువు కదిలితే దోషం తప్పదు. పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ జాతీయ రహదారి జహీరాబాద్ మీదుగా సాగుతుంది. దానిమీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో హైదరాబాదు వైపు పోతున్న లారీని రీశాట్‌-1 వంటి రాడార్ పక్కనుంచి చూసిందనుకుందాం. ఏటవాలు చూపు దిశలో లారీ వేగం సెకనుకు పది మీటర్లకు కాస్త తక్కువ. ఈ వేగం ప్రతిధ్వని డాప్లర్‌లో కలుస్తుంది. సార్ లెక్క ఆ డాప్లర్‌ను స్థానంగా చదువుతుంది. ఫలితంగా లారీ ఉన్న చోటుకు సుమారు 900 మీటర్ల దూరంలో, ఉపగ్రహం సాగే దిశలో వెనక్కో ముందుకో చిత్రితమవుతుంది. రాడార్‌కు దూరమవుతున్నది వెనక్కి, దగ్గరవుతున్నది ముందుకు జరుగుతుంది. కాబట్టి రహదారి ఖాళీగా కనిపిస్తుంది, పోయే వాహనాలు ఒక పక్క చేలల్లో, వచ్చే వాహనాలు ఇంకో పక్క చేలల్లో తోస్తాయి. వికారాబాద్ నుంచి బీదరు వైపు పోయే రైలు కూడా పట్టాలు విడిచి చెలకల్లో నడుస్తున్నట్టే ఉంటుంది. నిపుణులు దీనిని సరదాగా ‘పట్టాలు తప్పిన రైలు’ అంటారు.

ఎవరికీ నష్టం లేని ఇటువంటి వింత నుంచి నష్టం కలిగించే వింతకు దూరం ఎక్కువ లేదు. నిశ్చలమైన నీరు రాడార్ కిరణాన్ని అద్దంలా అవతలికి పంపివేస్తుంది, అందుకే వరద నీరు చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. వరద పటాలన్నీ ఈ నలుపు మీదే నిలిచాయి. కానీ తుపాను గాలికి నీటిపై అలలు లేస్తే ఆ నీరు తెల్లబడుతుంది. మునిగిన చేను పటంలో పొడినేలగా నమోదవుతుంది. నీళ్ళలో నిలబడిన వరి దుబ్బులైతే కిరణాన్ని నీటికీ కాడకూ మధ్య రెండుసార్లు తిప్పి పంపి మామూలు కంటే ప్రకాశవంతంగా తోస్తాయి. పరిహారం కోసం పటాన్ని ఆధారం చేసుకునే అధికారికి ఈ మూడు రంగుల అర్థం తెలిసి ఉండాలి. సాంకేతిక పత్రంలో అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఈ హెచ్చరిక మండల కార్యాలయానికి చేరే పటంలో ఉండదు.

5. మేఘాన్ని దాటిన కిరణం, ఆవిరికి చిక్కిన కొలత

రాడార్ మేఘాన్ని దాటుతుందన్న మాట నిజమే. అయితే దాటడం వేరు, ఆలస్యం లేకుండా దాటడం వేరు. ఉపగ్రహం నుంచి నిట్టనిలువుగా వచ్చే కిరణానికి పొడిగాలి వల్ల కలిగే ఆలస్యం దూరంలో చెబితే సుమారు 2.3 మీటర్లు. నీటి ఆవిరి దానికి మరికొన్ని పదుల సెంటీమీటర్లు కలుపుతుంది. పొడిగాలి భాగం పెద్దదైనా నెమ్మదిగా మారుతుంది, అంచనాకు లొంగుతుంది. ఆవిరి భాగం చిన్నదే, కానీ గంటగంటకూ, ఊరూరికీ మారుతుంది.

ఒక్క చిత్రంలో ఈ ఆలస్యం పెద్దగా బాధించదు. ఒకే చోటును వేర్వేరు రోజుల్లో చూసి, దశల తేడా నుంచి నేల కదలికను కొలిచే వ్యతికరణ పద్ధతిలో ఇది బయటపడుతుంది. 1992 జూన్‌లో కాలిఫోర్నియాలోని లాండర్స్ వద్ద భూకంపం వచ్చినప్పుడు, యూరపు ఉపగ్రహం ఈఆర్‌యస్‌-1 చిత్రాలతో దిదియే మసొనే బృందం నేల జరిగిన తీరును పటంగా గీసి 1993లో ప్రకటించింది. ఆ విజయోత్సాహం చల్లారకముందే దోషాల పట్టిక కూడా తయారైంది. 1995లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ వాతావరణం విధించే పరిమితిని చూపాడు. 1997లో హోవర్డ్ జెబ్కర్ బృందం గాలి తేమలో 20 శాతం మార్పు ఉంటే నేల కదలిక కొలతలో 10 నుంచి 14 సెంటీమీటర్ల తప్పు రాగలదని లెక్కగట్టింది. అసలు కొలవదలచిన కదలిక చాలా సందర్భాల్లో రెండు మూడు సెంటీమీటర్లే. అంటే గుమ్మడికాయను తూచే రాళ్ళతో బంగారాన్ని తూచినట్టు.

దక్కను నేలల్లో ఈ చిక్కు మరింత ముదురుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంగుతుంది. ఇది నిజమైన కదలిక. రాడార్‌కు కనిపించే కదలిక. కానీ నేల ఉబ్బే రుతువు, గాలిలో ఆవిరి పెరిగే రుతువు ఒక్కటే. తొలకరికి ముందు తీసిన చిత్రాన్ని తరువాతి చిత్రంతో పోల్చినప్పుడు వచ్చిన తేడాలో నేలది ఎంత, గాలిది ఎంత అన్నది విడదీయవలసి వస్తుంది. పైగా నేల తడిసినప్పుడు కిరణం నేలలోకి చొచ్చుకుపోయే లోతు కూడా మారి దశను మరికొంత మారుస్తుంది. మూడవ చిక్కు ఎత్తుపల్లాలది. మంజీరా లోయలోని చేనుకు బీదరు పీఠభూమి మీది చేనుకంటే ఎక్కువ మందం గాలి అడ్డుంటుంది. ఆవిరి పెరిగిన రోజున లోయ మొత్తం కుంగినట్టు చిత్రం చెప్పవచ్చు.

సవరణలు వచ్చాయి. వాతావరణ నమూనాల నుంచి ఆ గంటకు ఆవిరిని అంచనా కట్టడం, ఉపగ్రహ స్థాననిర్ణయ కేంద్రాల్లో నమోదైన ఆలస్యాన్ని తీసివేయడం, అనేక చిత్రాల సగటు తీసి రోజువారీ గాలిని అణచడం వాటిలో ముఖ్యమైనవి. ఇటలీలో ఫెరెట్టి, ప్రాతి, రొక్కాలు 2000 ప్రాంతంలో ప్రతిపాదించిన స్థిర ప్రతిఫలకాల పద్ధతి ఏళ్ళ తరబడి మారని బిందువులను, అంటే కట్టడాలను, రాళ్ళను ఎంచుకుంటుంది. హైదరాబాదు వంటి నగరానికి అది వరం. ఏడాదికి రెండుసార్లు దున్ని, విత్తి, కోసే న్యాల్‌కల్ చేలల్లో మారనిదేదీ లేదు. ఇక్కడ మరో మాట చెప్పుకోవాలి: ఖగోళ సర్వేయర్లకు శత్రువైన వక్రీభవనం ఎవరెస్ట్‌కు రాత్రిపూట తోడైనట్టే, నేల కొలిచేవారు పారవేసిన ఈ ఆలస్యాన్ని వాతావరణ శాస్త్రవేత్తలు ఏరుకున్నారు. ఆలస్యం నుంచి ఆవిరి పరిమాణాన్ని తిరిగి లెక్కగట్టి వాన అంచనాకు వాడే పని నేడు జరుగుతున్నది.

6. అయనావరణం: వాల్తేరు నుంచి గాదంకి దాకా

గాలికి పైన, వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యకాంతికి విడివడిన ఎలక్ట్రాన్ల పొర ఉన్నది. దాని ప్రభావం నీటి ఆవిరి ప్రభావం లాంటిది కాదు. ఆవిరి అన్ని తరంగాలనూ ఒకే మేరకు ఆలస్యం చేస్తే, అయనావరణం పొడుగు తరంగాలను మరీ ఎక్కువగా బాధిస్తుంది. పౌనఃపున్యం సగమైతే దోషం నాలుగు రెట్లు.

ఈ పొరపై తెలుగునాట పరిశోధన కొత్తది కాదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు నాయకత్వాన ఆరు దశాబ్దాల క్రితమే అయనావరణ అధ్యయనం వేళ్ళూనుకున్నది. తిరుపతి దగ్గరి గాదంకిలో 1990ల ఆరంభం నుంచి పనిచేస్తున్న 53 మెగాహెర్ట్జ్ రాడార్ సూర్యాస్తమయం తరువాత భూమధ్యరేఖా ప్రాంతపు అయనావరణంలో లేచే బుడగలను నమోదుచేసింది. రేడియో ప్రసారాన్ని అర్థం చేసుకోవడానికి మొదలైన ఈ అధ్యయనానికి రాడార్ చిత్రంతో సంబంధం 2006 తరువాత స్పష్టమైంది. ఆ ఏడు జపాను ప్రయోగించిన ఆలోస్ ఉపగ్రహపు పొడుగు తరంగాల రాడార్ రాత్రి పదిన్నర ప్రాంతంలో ఉష్ణమండలాల మీదుగా పోయేది. బుడగలు చురుకుగా ఉండే వేళ అదే. అడవుల మీద, పొలాల మీద ఎవరో దువ్వెనతో గీసినట్టు చారలు పడ్డ చిత్రాలు వచ్చాయి. నేలమీద ఆ చారలకు ఏ మూలమూ లేదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీయస్‌యల్‌వీ‌-యఫ్16 మోసుకుపోయిన నైసార్ ఈ అనుభవాన్ని లెక్కలోకి తీసుకున్న ఉపగ్రహం. ఇస్రో, నాసా కలిసి నిర్మించిన దీనిలో 24 సెంటీమీటర్ల తరంగం, 9 సెంటీమీటర్ల పైచిలుకు తరంగం రెండూ ఉన్నాయి. ఒకే యాంటెన్నా, 12 మీటర్ల వల. కక్ష్య ఎత్తు 747 కిలోమీటర్లు. ప్రతి 12 రోజులకు అదే దారికి తిరిగి వస్తుంది. అయనావరణ ఆలస్యం తరంగాన్ని బట్టి మారుతుంది కనుక, ఒకే కిరణపు పట్టీలోని రెండు అంచులను పోల్చి ఆ ఆలస్యాన్ని వేరుచేసే పద్ధతి దీనికి సాధ్యం. సూర్యచక్రం ఉచ్చస్థితికి దగ్గరగా ఉన్న కాలంలో ప్రయోగం జరగడం వల్ల ఆ సవరణకు తొలి పరీక్ష కఠినమైనదే అయింది. దీనికి రెండు నెలల ముందు, మే 18న, సార్ పరికరంతో ఉన్న ఇఓఎస్‌-09 కక్ష్య చేరలేకపోయింది. 2022 ఫిబ్రవరి 14న పోయిన ఇఓఎస్‌-04 ఆ లోటును కొంత పూడుస్తున్నది.

7. గుంట, చుక్క, మంచు

తెలంగాణ రైతుకు భూమి లెక్క ఎకరాల్లో, గుంటల్లో ఉంటుంది. నిజాం కాలపు సేత్వార్, టిప్పన్ నుంచి 1954–55 నాటి ఖాస్రా పహాణీ దాకా రికార్డులన్నీ ఆ భాషలోనివే. గుంట అంటే 121 చదరపు గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు. యూరపు సెంటినెల్‌-1 వంటి సార్ చిత్రాల్లో పది మీటర్ల చుక్క విస్తీర్ణం 100 చదరపు మీటర్లు. యాదృచ్ఛికమే అయినా, ఒక చుక్క ఒక గుంట.

రెండెకరాల చదరపు చేనును తీసుకుంటే దాని భుజం 90 మీటర్లు. తొమ్మిది వరుసల్లో తొమ్మిదేసి, మొత్తం 81 చుక్కలు. వాటిలో గట్టును తాకే చుక్కలు 32. చలన దోషమో, కక్ష్య లెక్కలో తేడానో చిత్రాన్ని ఒకే ఒక్క చుక్క మేర జరిపితే, అంచులోని చుక్కల్లో పక్కవాడి చేను కలుస్తుంది. నలభై శాతం చేను అనుమానాస్పదం. పెద్ద కమతాల దేశాల్లో ఇదే దోషం ఎవరి కంటా పడదు. దోషం పరిమాణం ఒకటే అయినా దాని బరువు కమతం పరిమాణాన్ని బట్టి మారుతుందన్నది ఇక్కడ గుర్తించవలసిన అంశం.

పంట స్వభావం మరో సమస్య తెస్తుంది. జహీరాబాద్ ప్రాంతం మిశ్రమ పంటలకు పేరుపొందినది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఏటా సంక్రాంతి రోజుల్లో జరిపే పాత పంటల జాతర ఈ వైవిధ్యాన్ని ఊరూరా ప్రదర్శిస్తుంది. ఒకే చేలో జొన్న, కంది, పెసర, అనుములు, నువ్వులు సాళ్ళు సాళ్ళుగా ఉంటాయి. ఎత్తు వేరు, ఆకు వేరు, కోత కాలం వేరు. రాడార్‌కు ఆ చేను నుంచి వచ్చేది ఒక్క సంఖ్య. ఒకే పైరు ఉన్న చేలను చూపి తర్ఫీదు ఇచ్చిన లెక్క ఆ సంఖ్యను ఏ పంటకూ చేర్చలేక, పల్చని పైరుగానో బీడుగానో వర్గీకరించే ప్రమాదం ఉన్నది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం 12,635 ఎకరాల సేకరణ తలపెట్టిన నేలలో ‘బీడు’ అన్న మాట వట్టి వ్యవసాయ పదం కాదు.

చివరి అంశం వేళకు సంబంధించినది. రీశాట్‌-1, ఇఓఎస్‌-04, నైసార్ మూడూ ఉదయం ఆరు, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో నేలను చూసేలా కక్ష్య ఎంచుకున్నవి. అయనావరణంలో ఎలక్ట్రాన్లు అత్యల్పంగా ఉండేది తెల్లవారుజామున కనుక ఉదయపు చూపుకు ఆ దోషం తక్కువ. కానీ యాసంగిలో న్యాల్‌కల్ శనగచేలు ఆరు గంటలకు మంచుతో తడిసి ఉంటాయి. ఆకుమీది నీరు రాడార్ ప్రతిధ్వనిని మారుస్తుంది; పైరు ఉన్నదానికంటే దట్టంగానో, నేల ఉన్నదానికంటే తడిగానో తోస్తుంది. పైర్ల మీద అయనావరణపు చారలను తప్పించడానికి ఎంచుకున్న వేళ, ఆ పైర్లను బతికించే మంచునే దోషంగా లెక్కలోకి తెస్తున్నది. దీనిని సవరించాలంటే ఉపగ్రహం పోయే వేళకే చేలో నిలిచి ఆకు తడిని నమోదు చేయాలి. పొద్దెక్కి పదింటికి జీపులో చేరుకునే సర్వే బృందానికి ఆ తడి కనబడదు. అప్పటికి అది ఆరిపోయి ఉంటుంది.